రాత్రి తొమ్మిదికి జున్ను పరుగులు: కట్టేయాలా, వదిలేయాలా?

ప్రశ్న: మాది నెల్లూరు. ఉద్యోగాల కోసం వచ్చి బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. అద్దె ఫ్లాటు, మూడో అంతస్తు. మా వీధిలో పుట్టిన కుక్కపిల్లని తెచ్చి పెంచుకుంటున్నాం. పేరు జున్ను, ఆడది, 14 నెలలు. నేనూ మావారూ ఆఫీసుకు వెళ్ళాక పగలంతా అత్తయ్య దగ్గరే పడుకుంటుంది. రాత్రి తొమ్మిదయ్యేసరికి మాత్రం ఉన్నట్టుండి లేచి, తోక ముడిచి, నడుం కిందికి వంచి హాల్లోంచి బెడ్‌రూమ్‌లోకీ, అక్కడినుంచి మళ్ళీ హాల్లోకీ ఒకటే పరుగు. సోఫా ఎక్కి దూకుతుంది. రెండు మూడు నిమిషాలు అలా చేసి దభీమని నేలమీద పడి రొప్పుతుంది. ఆదివారం స్నానం చేయిస్తే ఇంకా ఎక్కువ. దాన్ని చూసి మా ఏడేళ్ళ బాబు కూడా వెంటపడతాడు, ఇక వాడు పదిన్నరకి గానీ పడుకోడు. కింది ఇంటాయన రెండుసార్లు పైకి వచ్చి చెప్పి వెళ్ళారు. మా అత్తయ్య దానికి గాలి సోకిందంటారు, దిష్టి తీయమంటారు. కాలేజీకి వెళ్ళే మా అమ్మాయి ‘అవి జూమీస్ అమ్మా, అన్ని కుక్కలకీ వస్తాయి’ అంటుంది. ఇది జబ్బా? ఆ టైముకి కట్టేయమంటారా? ఇంకో సంగతి. నాకు కూడా ఒక్కోరోజు రాత్రి పదకొండుకి ఎక్కడలేని ఓపికా వచ్చి అల్మారాలన్నీ సర్దేస్తుంటాను. అదీ ఇదీ ఒకటేనా?
— ఒక పాఠకురాలు, మారతహళ్ళి

సమాధానం: జబ్బు కాదమ్మా. కట్టేయకండి. ముందు ఈ రెండు మాటలూ చెప్పేస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుందని మొదటే చెబుతున్నాను.

మీ అమ్మాయి చెప్పింది నిజమే. కుక్కలు పెంచేవాళ్ళు ఈ పరుగుని జూమీస్ అంటారు. ఇప్పుడు కాలేజీ పిల్లలు తమ గురించి కూడా ఈ మాట వాడుతున్నారు, ‘పరీక్షల ముందు రాత్రి నాకు జూమీస్ వచ్చాయి’ అని. జంతువుల ప్రవర్తనని గమనించేవాళ్ళు దీనికి ఫ్రెనెటిక్ రాండమ్ యాక్టివిటీ పీరియడ్స్ అని పెద్ద పేరే పెట్టారు, పొట్టిగా ఫ్రాప్స్ అంటారు. కుక్కల్లో, పిల్లుల్లో, కుందేళ్ళలో కూడా ఉంటుంది. మీది నెల్లూరు అన్నారు కాబట్టి మీ అత్తయ్యగారు దీన్ని చిన్నప్పటినుంచీ చూసే ఉంటారు. పాలు తాగిన లేగదూడని పలుపు విప్పి వదిలితే తోక పైకెత్తి దొడ్డంతా చెంగుచెంగున గంతులేస్తుంది చూడండి, అదీ ఈ కోవలోదే. దూడ గంతులేస్తే దానికి గాలి సోకిందని ఎవరూ అనరు, ఆరోగ్యంగా ఉందంటారు. ఈ మాట అత్తయ్యగారితో అని చూడండి. ఆవిడకి మీకన్నా ముందే అర్థమవుతుంది.

మీరు రాసిన వివరాలన్నీ మామూలు జూమీస్‌కి సరిగ్గా సరిపోతున్నాయి. తోక ముడిచి, నడుం కిందికి వంచి, వెనకకాళ్ళు లోపలికి తీసుకుని పరుగెత్తడం చూసి చాలామంది భయంతో పరుగెడుతోందేమో అనుకుంటారు. భయమైతే మూల వెతుక్కుంటుంది, మంచం కిందికి దూరుతుంది, పిలిచినా రాదు. జున్ను అలా చేయడం లేదు. హాలంతా తిరుగుతోంది, రెండు మూడు నిమిషాల్లో తనంతట తనే ఆగుతోంది, తర్వాత పడుకుంటోంది. ఈసారి పరుగు మధ్యలో దాని మొహం చూడండి. నోరు వదులుగా తెరిచి ఉంటుంది. మధ్యలో ఒక్క క్షణం ఆగి ముందుకాళ్ళు నేలకి ఆనించి వెనకభాగం పైకెత్తితే అది ‘ఆడదాం రా’ అని పిలవడం. కుక్క భాషలో అంతకన్నా స్పష్టమైన మాట లేదు.

ఇక ఎందుకు వస్తుందంటారా? రోజంతా కదలకుండా ఉన్న ఒంట్లో పేరుకున్న ఉత్సాహం ఒక్కసారి బయటికి రావడం ఒకటి. పట్టి ఉంచిన బిగువు వదలడం ఇంకోటి. స్నానం సంగతి ఆ రెండో రకం. మీరు దాన్ని గట్టిగా పట్టుకుంటారు, నీళ్ళు పోస్తారు, దానికి నచ్చని వాసన పూస్తారు, ఎప్పుడు అయిపోతుందా అని అది బిక్కుబిక్కుమంటూ నిలబడుతుంది. తువ్వాలు తీయగానే ఆ బిగువంతా పరుగులోకి పోతుంది. అప్పుడు సోఫాకి ఒళ్ళు రాసుకుంటే అది ఆ వాసన వదిలించుకోవడానికే. ఇక్కడ ఒక సంగతి చూసుకోండి. మీరు వాడే షాంపూనే దానికీ పోస్తుంటే మానేయండి. మన చర్మం కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది, కుక్క చర్మం అంత ఉండదు. మన షాంపూ దానికి దురద పెట్టించవచ్చు, ఆ దురదకి కూడా పరుగెడుతుంది. కుక్కల షాంపూ వేరే దొరుకుతుంది. చెవుల్లో నీళ్ళు పోకుండా చూడండి. ప్రతి ఆదివారం తలంటు కూడా దానికి అక్కర్లేదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట జూమీస్ కాదు. ‘పగలంతా పడుకుంటుంది’ అన్న మాట. 14 నెలల వీధి జాతి కుక్క అంటే నిండు యవ్వనం. ఊరకుక్కలు పగలు ఎండలో పడుకున్నా పొద్దున్నా సాయంత్రం వీధులు తిరుగుతాయి, ప్రతి గోడా వాసన చూస్తాయి, తిండి వెతుక్కుంటాయి. జున్నుకి ఆ పని ఏదీ లేదు. గిన్నెలో అన్నం వస్తుంది, నాలుగ్గోడలు ఉంటాయి, మీరు వచ్చేదాకా ఎదురుచూపు. మీరు ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటి ఇంటికొచ్చి, వంట చేసి, భోజనాలయ్యి అందరూ కాస్త తీరిగ్గా కూర్చునే సమయం తొమ్మిది. దాని రోజు మొదలయ్యేది అప్పుడే. మరి పరుగెత్తదా అమ్మా?

అందుకే ఆ పరుగుని ఆపే ఉపాయాలు నేను చెప్పను. దానికి రోజులో ఇంకో చోటు చూపించే ఉపాయం చెబుతాను.

ఇంటికి రాగానే, వంటింట్లోకి వెళ్ళకముందే, మీరో మీవారో అమ్మాయో ఎవరో ఒకరు దాన్ని కిందికి తీసుకెళ్ళండి. అరగంట చాలు. ఆ అరగంటలో గబగబా నడిపించవద్దు. దాన్ని వాసన చూడనివ్వండి. ఒక కరెంటు స్తంభం దగ్గర ఐదు నిమిషాలు నిలబడిపోయినా తొందర పెట్టకండి. చాలామంది ‘గంట నడిపించాను, అయినా అలసిపోలేదు’ అంటారు. గొలుసు బిగించి మన అడుగు ప్రకారం లాక్కెళ్తే కాళ్ళు అలుస్తాయి గానీ దాని బుర్రకి పని దొరకదు. ముక్కుకి పని దొరికిన కుక్క ఇంటికొచ్చాక నెమ్మదిస్తుంది.

పగటిపూట అత్తయ్యగారి సాయం తీసుకోవచ్చు, ఆవిడ వంగక్కర్లేకుండానే. పొద్దున్న మీరు వెళ్ళేముందు ఒక పాత తువ్వాలు పరిచి, దాని తిండిలోంచి కొంచెం, లేదంటే ఉడికించిన గుడ్డు ముక్కలు నాలుగైదు అక్కడక్కడా పెట్టి, చాపలా చుట్టి పక్కన ఉంచండి. మధ్యాహ్నం మూడింటికి ఆవిడ కుర్చీలో కూర్చునే దాన్ని జున్ను ముందుకి వేస్తారు. ముక్కుతో పొడుస్తూ, కాలితో లాగుతూ ఆ చుట్ట విప్పి ముక్కలు ఏరుకోవడానికి దానికి చాలాసేపు పడుతుంది. మొదటిరోజు వదులుగా చుట్టండి, అలవాటైతే బిగించి చుట్టి చివర ఒక ముడి వేయండి. కూరలో ఉల్లిపాయ తగిలిన ముక్కలు, ద్రాక్షపళ్ళు, కిస్‌మిస్, చాక్లెట్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. అవి కుక్కలకి విషం. ఇంకో లాభం కూడా ఉంది. జున్ను తన దగ్గర ఏదో పని చేస్తుండగా చూసిన అత్తయ్యగారికి దానిమీద భయం తగ్గుతుంది.

ఇన్ని చేసినా తొమ్మిదింటి పరుగు పూర్తిగా పోదు. పోవాలని కోరుకోకండి కూడా, వయసు మీద పడితే దానంతట అదే తగ్గుతుంది. ఆ రెండు నిమిషాలూ ఎవరికీ దెబ్బ తగలకుండా చూసుకుంటే చాలు.

ముందు నేల. మన ఫ్లాట్లలో వేసే నున్నటి టైల్స్ మీద కుక్క కాలు నిలవదు. మలుపు దగ్గర వెనకకాళ్ళు జారి మోకాలి లోపలి లిగమెంట్ తెగిన కుక్కలున్నాయి, దానికి ఆపరేషన్ దాకా వెళ్ళాల్సి వస్తుంది. హాల్లోంచి బెడ్‌రూమ్‌లోకి తిరిగే ఆ మలుపులో, సోఫా మీంచి దూకి దిగే చోట, కింద రబ్బరు ఉన్న మ్యాట్లు వేయండి. ఇంట్లో మూలన పడేసిన యోగా మ్యాట్ ఉంటే అదీ పనికొస్తుంది. ఉత్తి జంపకానా వేయకండి, అది కుక్కతో సహా జారుతుంది. గోళ్ళు కత్తిరించండి. అది నడుస్తుంటే టైల్స్ మీద టక్‌టక్‌మని వినిపిస్తే గోళ్ళు పెరిగాయన్నమాట. కింది ఇంటాయనకి వినిపించే చప్పుడులో ఆ గోళ్ళ వాటా ఎంతో కొంత ఉండే ఉంటుంది.

రెండోది బాల్కనీ. మూడో అంతస్తు అన్నారు. ఆ వేళకి బాల్కనీ తలుపు మూసి ఉండాలి, మెయిన్ డోర్ కూడా. చెత్త పెట్టడానికి తలుపు తీసిన ఆ ఒక్క నిమిషంలో మెట్లు దిగి రోడ్డెక్కేసే కుక్కలున్నాయి. ఒకవేళ బయటికి ఉరికితే వెంటపడకండి. మీరు తరిమితే అది ఆట అనుకుని ఇంకా వేగం పెంచుతుంది. పేరు పెట్టి పిలుస్తూ మీరే వెనక్కి, ఇంటివైపు పరుగెత్తండి. అది తిరిగి మీ వెంట వస్తుంది.

మూడోది అత్తయ్యగారు. ఇందులో ఏమాత్రం ఆలస్యం చేయకండి. పెద్దవాళ్ళ మోకాళ్ళకి అంత వేగంతో వచ్చే కుక్క తగిలితే పడిపోతారు, ఆ వయసులో తుంటి విరిగితే కోలుకోవడం కష్టం. తొమ్మిదికి ఐదు నిమిషాల ముందే ఆవిడ గోడవైపు కుర్చీలోనో మంచం మీదో కూర్చునేలా అలవాటు చేయండి. మంచినీళ్ళ కోసం లేవక్కర్లేకుండా చెంబు పక్కనే పెట్టండి.

దిష్టి విషయంలో ఆవిడ మాట కొట్టేయమని నేను అనను. ఇంట్లో ప్రాణికి ఏదో అయ్యిందన్న బెంగతోనే కదా అంటున్నారు. కాకపోతే ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేయవద్దు. మూసి ఉన్న ఫ్లాటులో ఆ ఘాటు మనకే ఊపిరాడనివ్వదు, కుక్క ముక్కు మనకన్నా ఎన్నో రెట్లు సున్నితం. దిష్టి తీసిన ఉప్పు దానికి అందే చోట పడేయకండి, కుక్కలు ఉప్పు ఎక్కువగా తింటే వాంతులు, ఫిట్స్ దాకా వెళ్తుంది. హారతి ఇచ్చి బొట్టు పెడతానంటే పెట్టనివ్వండి.

బాబు సంగతికొద్దాం. వాడు జున్ను వెంట పరుగెత్తడం మాత్రం ఆపాల్సిందే. జున్ను చెడ్డదని కాదు. పరుగులో ఉన్న కుక్క పక్కన పిల్లవాడు కేకలేస్తూ పరుగెడితే అది తోటి కుక్కపిల్ల అనుకుని పిక్కో చొక్కానో పట్టుకుంటుంది. పళ్ళు దిగితే ఇద్దరికీ కష్టమే. వాడికి ఒక పని చెప్పండి. జున్ను లేవగానే సోఫా పక్కన చేతులు కట్టుకుని కదలకుండా నిలబడి, అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి అమ్మకి చెప్పాలి. ఏడేళ్ళ పిల్లలకి ‘పరుగెత్తకు’ అంటే ఎక్కదు గానీ లెక్కపెట్టమంటే ఎక్కుతుంది.

వాడికి రాత్రి వచ్చే ఆ హుషారుకి కారణం కూడా అంతకు ముందు గంటల్లోనే ఉంటుంది. బడి, బస్సు, ట్యూషన్, ఆ తర్వాత ఫోను అయితే వాడూ జున్నులాగే రోజంతా కూర్చున్నట్టు. ఈ వయసు పిల్లలు రోజుకి సగటున గంటసేపు ఒళ్ళు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 6 నుంచి 12 ఏళ్ళ వాళ్ళకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పొద్దున్న ఆరున్నరకి లేపేటట్టయితే తొమ్మిదిన్నరకల్లా వాడు నిద్రలో ఉండాలి. పిల్లలు బాగా అలసిపోతే పెద్దవాళ్ళలా తూగరు, కుప్పిగంతులు వేస్తారు. చూసేవాళ్ళకి వీడికి నిద్ర రావడం లేదనిపిస్తుంది, నిజానికి నిద్ర వేళ దాటిపోయి ఉంటుంది. సాయంత్రం జున్నుని కిందికి తీసుకెళ్ళే అరగంటలో వాడినీ పంపండి. వీలైతే జున్ను పరుగు ఎనిమిదిన్నరకి జరిగేలా ముందుకి జరపండి. ఆ వేళకి మీరే ఒక పాత చున్నీ చివర పట్టుకుని దానితో లాగుడు ఆట ఆడితే చాలు, అదే మొదలుపెడుతుంది. రాత్రి అన్నం పెట్టేది పరుగయ్యి రొప్పు తగ్గాక. కడుపు నిండా తిన్న కుక్క గంతులేయడం మంచిది కాదు.

రాత్రిపూట కాస్త ఎగిరిన ప్రతి పిల్లవాడికీ ఏడీహెచ్‌డీ (కుదురు, ధ్యాస నిలవని సమస్య) అని పేరు పెట్టేస్తున్నారు ఈ మధ్య. నాకు అది చాలా బాధగా ఉంటుంది. దానికి డాక్టర్లు చూసే లెక్క వేరు. ఇంట్లోనూ బడిలోనూ రెండు చోట్లా, ఆరు నెలలకి తగ్గకుండా, చదువుకో స్నేహాలకో అడ్డు పడేంతగా ఉండాలి. వాడి టీచరుకి ఏ ఫిర్యాదూ లేకపోతే ఆ ఆలోచన పెట్టుకోకండి.

కింది ఇంటాయన దగ్గరికి ఈసారి ఆయన పైకి రాకముందే మీరు దిగి వెళ్ళండి. ‘మ్యాట్లు వేశాం, ఎనిమిదిన్నర ప్రాంతంలో రెండు మూడు నిమిషాలు చప్పుడు వస్తుంది, తర్వాత ఉండదు’ అని చెప్పండి. ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు ఆగుతుందో తెలిసిన చప్పుడుని మనుషులు ఓర్చుకుంటారు. ఒకవేళ అసోసియేషన్ వాళ్ళు కుక్కని తీసేయమంటే భయపడకండి. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అపార్టుమెంటు సంఘాలు కుక్కల్ని పెంచుకోవద్దని నిషేధించకూడదు, లిఫ్టు వాడనివ్వం అనకూడదు. ఆ కాగితం ఉంది కదా అని మొదటి రోజే తీసి చూపించకండి, అంతే.

ఇప్పుడు జూమీస్ కానివాటి గురించి. పరుగు తనంతట తను ఆగకపోయినా, గంటల తరబడి తన తోకనే తరుముకుంటూ కొరుక్కుంటున్నా, పేరు పెట్టి పిలిస్తే వినిపించనట్టు ఉన్నా తేలిగ్గా తీసుకోవద్దు. ఉన్నట్టుండి పక్కకి పడి కాళ్ళు కొట్టుకుంటూ చొంగ కారిస్తే అది ఫిట్స్. దొడ్డికి వెళ్ళొచ్చాక కుక్కలు హుషారుగా పరుగెత్తడం మామూలే గానీ, పిర్రలు నేలకి ఈడుస్తూ వెనకవైపు అదేపనిగా నాకుతుంటే అక్కడి గ్రంథులు నిండి ఉండొచ్చు. పరుగయ్యాక కుంటితే చూపించాలి. ఎన్నడూ లేనిది ముసలి కుక్క రాత్రుళ్ళు లేచి తిరగడం మొదలుపెట్టినా చూపించాలి. వీటిలో ఏది కనిపించినా మొదట చేయాల్సింది ఫోన్లో వీడియో తీయడం. డాక్టరు ముందు బల్లమీద ఏ కుక్కా ఆ పని చేసి చూపించదు. మనం నోటితో చెప్పే పది వాక్యాలకన్నా అర నిమిషం వీడియో డాక్టరుకి ఎక్కువ చెబుతుంది. మీకు దగ్గర్లో క్లినిక్కులు చాలానే ఉంటాయి, పెద్ద పరీక్షలు కావాలంటే హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. వీధిలో పుట్టిన పిల్ల కాబట్టి రేబిస్ టీకా కార్డు ఒకసారి తీసి తేదీ చూడండి.

చివరికి మీ అల్మారాలు. అదీ ఇదీ ఒకటేనా అని అడిగారు. దగ్గరి చుట్టాలే. మన ఒంట్లోని గడియారం మామూలుగా నిద్రపోయే వేళకి రెండు మూడు గంటల ముందు మెలకువని బాగా పెంచుతుంది. రోజంతా నీరసంగా ఉన్నవాళ్ళకి కూడా ఆ వేళకి తేటగా అనిపించడం అందుకే. మీ విషయంలో ఇంకొకటి కూడా ఉందని నాకనిపిస్తోంది. పొద్దుటినుంచీ ఎవరో ఒకరి పనిలో ఉన్న మీకు, ఎవరూ పిలవని మొదటి గంట పదకొండే. ఆ ఓపిక అల్మారాలకే పోనక్కర్లేదమ్మా. వారంలో రెండు రోజులు సాయంత్రం జున్నుతో మీరే వెళ్ళండి, ఫోను ఇంట్లో పెట్టేసి. రాత్రి పదకొండు గంట ఎంతో కొంత ఏడింటికి జరుగుతుంది.

మీకని కాదు, ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుందని ఒక జాగ్రత్త చెబుతాను. మనిషికి ఒకరాత్రి హుషారు రావడం వేరు. వరసగా నాలుగైదు రోజులు రెండు మూడు గంటలే నిద్రపోతూ, అయినా అలసట తెలియకుండా, ఆగకుండా మాట్లాడుతూ, ఉన్న డబ్బంతా ఖర్చుపెడుతూ ఉంటే అది వేరు. అలాంటివాళ్ళని బతిమాలో కోప్పడో పడుకోబెట్టలేం, మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళాలి. బెంగళూరులో నిమ్హాన్స్ అనే మానసిక వైద్య సంస్థ ఉంది. ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 ఏ వేళైనా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

జున్నుకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఇంకా చేయించకపోతే, ఆ వయసు వచ్చింది కాబట్టి త్వరలో చేయిస్తారనుకుంటాను. ఆ తర్వాత 10 నుంచి 14 రోజులు మాత్రం ఈ పరుగులు అస్సలు కుదరవు, కుట్లు తెగుతాయి. అప్పుడు చిన్న గదిలో ఉంచి, గొలుసు పట్టుకునే కిందికి తిప్పాలి, సోఫా ఎక్కనివ్వకూడదు, ఆదివారం స్నానం కూడా ఆపాలి. పరుగు లేని ఆ రోజుల్లో తువ్వాలు చుట్ట పూటకొకటి ఇవ్వండి, అత్తయ్యగారికి ముందే చెప్పి ఉంచండి.